గోడెక్కిన భారతమ్మ

చనిపోయిన మనిషి వంటింట్లోకి వెళ్ళి లోపలి నుంచి గడియ పెట్టుకుంటే, ఏడవడానికి వచ్చినవాళ్ళు ఏం చెయ్యాలి?

పినపాక నుంచి వచ్చిన ఏడుగురు చుట్టాల్లో ఒక్కరికీ ఈ ప్రశ్నకు జవాబు తోచలేదు. పొద్దున్నే పడవలో గోదారి దాటి, ఒడ్డున ఆటో మాట్లాడుకుని, దారంతా శోకాలు పెట్టుకుంటూ వచ్చారు వాళ్ళు. తీరా వాకిట్లో అడుగు పెట్టేసరికి భారతమ్మ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది.

"ఎవలు పోయిన్రక్కా?" అని అడిగింది ఆత్రంగా.

ఆమె తోడబుట్టిన నాగక్క ఎత్తిన రాగం సగంలో దించలేకపోయింది. "నువ్వేనే చెల్లే!" అని అదే రాగంలో అందుకుంది.

ఇది జరిగి రెండు గంటలైంది. సంగతంతా విన్న భారతమ్మ చేట పక్కన పెట్టి, కోడలి వైపు ఒక్క చూపు చూసి, వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆమెతో పాటు పొయ్యి, బియ్యం, చాయపత్తి, చక్కెర డబ్బా కూడా లోపలే ఉండిపోయాయి. బయట ఏడుగురు చుట్టాలు, ఒక కొడుకు, ఒక కోడలు మిగిలారు.

కోడలు శ్యామల తలుపు దగ్గర నిలబడి గొంతు తగ్గించి పిలిచింది.

"అత్తమ్మా, జర తలుపు తియ్యండి."

"సచ్చినోళ్ళు తలుపు తీస్తరా?"

"చుట్టాలు ఎప్పుడనంగనో బయల్దేరిన్రు. ఇన్ని చాయన్న పొయ్యాలె గద."

"సావింట్ల పొయ్యి ముట్టిస్తరా? నీకెవలు నేర్పిన్రే ఆ పద్ధతి?"

ఎన్నో ఏళ్ళుగా అత్త చెప్పిన పద్ధతులే శ్యామలకు తెలుసు. చావింట్లో పొయ్యి వెలిగించకూడదని చెప్పింది కూడా అత్తే.

వాకిట్లో నాగక్క కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. చెల్లెలు బతికే ఉందని కళ్ళారా చూసినా ఆమె ఏడుపు ఆగలేదు. పడవలో మొదలుపెట్టిన ఏడుపు అది. ఇప్పటికిప్పుడు ఆపేస్తే ఇందాకటిదంతా ఉత్తుత్తిదేనని నలుగురూ అనుకుంటారని ఆమె భయం. మధ్య మధ్యలో ముక్కు చీది, "ఈ ఇంట్ల గుక్కెడు చాయ గూడ దొరకదా రాంబాబూ?" అని అడుగుతోంది.

రాంబాబు ఆటో నడుపుతాడు. ఊరి పంచాయతీలన్నీ వెనక సీటు నుంచి అతని చెవిన పడతాయి కానీ, తన ఇంటి పంచాయతీ వచ్చేసరికి అతనికి హ్యాండిలు దొరకదు. భార్యను పెరట్లోకి రమ్మని సైగ చేశాడు.

"ఏందే ఇది? మా అమ్మను ఎందుకు సంపినవ్?"

"నేనెందుకు సంపుత? రోగం తగ్గిందని జనానికి తెల్వాలెనని బొమ్మేసిన."

"బొమ్మేస్తే వేసినవ్. మెళ్ళె దండెందుకు వేసినవ్?"

శ్యామల అంగన్‌వాడీ టీచరు. చెయ్యి మంచిది. చిన్నప్పుడు ముగ్గుల దగ్గర మొదలైన చెయ్యి, ఇప్పుడు గోడల మీదికి ఎక్కింది. ఈ పక్క పల్లెల్లో టీబీ నయమవుతుందని ఎన్నేళ్ళుగానో గోడల మీద నీలం అక్షరాలు ఉన్నాయి. చదువు రానివాళ్ళు చదవరు, వచ్చినవాళ్ళు చూడరు. అదే ఆమె నిరుడు పిల్లల్ని తూకం వేసే బొమ్మ వేసి, అందులో తల్లులకు ఊళ్ళోవాళ్ళ మొహాలే పెడితే, తమ మొహం చూసుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు పిల్లల్ని కూడా తెచ్చి తూకం వేయించుకు వెళ్ళారు. తెలిసిన మొహం చెప్పేమాట జనం వింటారని ఆ రోజే శ్యామలకు అర్థమైంది.

అందుకే ఈసారి అంగన్‌వాడీ గోడకు అత్తగారిని ఎక్కించింది. నిరుడు భారతమ్మకు టీబీ వచ్చింది. ఆర్నెల్లు రోజు విడిచి రోజు కోడలి ఎదురుగా మాత్రలు మింగింది. నయమైంది. గోడకు ఎడమ పక్కన మంచం మీద ఎముకల గూడులా దగ్గుతున్న భారతమ్మ, నడుమ మాత్రల డబ్బా, కుడి పక్కన ఎర్ర పట్టుచీర కట్టుకుని, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకుని, మెళ్ళో గులాబీ దండతో నవ్వుతున్న భారతమ్మ. పది రోజులు కష్టపడి వేసింది. ఊరంతా మెచ్చుకుంది.

ఆదివారం సంతకు అడవి పల్లెల నుంచి జనం వచ్చారు. అక్షరాలు రాని వాళ్ళు బొమ్మను బొమ్మగానే చదివారు. ఈమె దగ్గింది. మాత్రలు మింగింది. తర్వాత గోడెక్కింది, బొట్టు పెట్టారు, దండ వేశారు. ఈ దేశంలో గోడ మీద బొమ్మకు దండ ఎప్పుడు వేస్తారో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు కదా!

సంతలో చింతపండు అమ్మినామె ఈ కబురు గోదారి దాటించింది. గురువారం రాత్రికి అది పినపాక చేరి, నాగక్క ఇంటి తలుపు తట్టింది.

"దండెందుకు వేసినవంటే చెప్పవేందే?" రాంబాబు రెట్టించాడు.

దండ సంగతి శ్యామల ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల మండలంలో టీబీ మీటింగు పెట్టి, మందులు పూర్తిగా వాడినవాళ్ళను స్టేజీ ఎక్కించి దండలు వేశారు. భారతమ్మకు పెళ్ళినాడు పడిన దండ తర్వాత మళ్ళీ అదే. ఇంటికొచ్చాక కూడా తియ్యకుండా ఆ దండతోనే బర్రెకు గడ్డి వేసింది. బొమ్మ వేస్తున్నప్పుడు స్టూలు మీద కూర్చుని మరీ గుర్తు చేసింది. "దండ మర్సిపోకు పిల్లా. బంతిపూలు గాదు, గులాబీలు. అందరికీ కనబడాలె."

ఇప్పుడు రాంబాబుకు చెబితే ఆ మాట వాకిట్లో చుట్టాలందరికీ చేరుతుంది, అత్త పరువేం కావాలి?

"తప్పయింది," అంది శ్యామల.

"తప్పయిందంటే అయిపోతదా? నిన్న నేనెంత కష్టపడి..."

"నువ్వు ఆ ముచ్చట ఎత్తకు!" శ్యామలకు ఒక్కసారిగా కోపం వచ్చింది. "నువ్వు ముట్టకుంటే ఒక్క చావుతోటి పోతుండె."

నిజమే. నిన్న సాయంత్రం సంగతి చెవిన పడగానే రాంబాబు, భార్యకు చెప్పకుండా, కిరసనాయిలు గుడ్డ తీసుకుని దండ తుడిచెయ్యడానికి బయల్దేరాడు. గులాబీలు పోలేదు. కరిగి కిందికి కారాయి. దండతో పాటు మెడ కూడా చెరిగిపోయింది. పైన నవ్వుతున్న తల, కింద పట్టుచీర, నడుమ ఎర్రటి ధారలు. ఈ పొద్దున్న పోలీసాయన అటుగా పోతూ సైకిలాపి, "ఈమెను ఎవలు నరికిన్రు?" అని విచారించాడు.

రాంబాబు తల గోక్కున్నాడు. "సరే, అయిందేదో అయింది. ఇప్పుడు బతికే ఉన్నదని వెయ్యి."

"బతికున్నదని ఎట్ల వేస్తరయ్యా? నవ్వితే ఫొటో అంటరు. కళ్ళు తెరిస్తే గూడ ఫొటోనే అంటరు."

"నోరు తెరిచి నిన్ను తిడుతున్నట్టు వెయ్యి. ఊరంత నమ్ముతది."

శ్యామలకు నవ్వొచ్చింది. నవ్వితే వాకిట్లో వినబడుతుందని కొంగు నోట్లో కుక్కుకుంది. అంత కష్టంలోనూ ఆమె మనసు గోడ మీదికే పోయింది. నిజంగానే ప్రాణం ఉన్న మనిషిని గోడ మీద ఎలా చూపించాలి? చేతిలో పని పెట్టాలా? పక్కన మనుషుల్ని పెట్టాలా? ఒక్కర్తినే నిలబెట్టడమే పొరపాటేమో.

అంతలో పెరటి దడి తోసుకుని జంపక్క వచ్చింది. అంగన్‌వాడీలో ఆయా. ఎండలో నడిచి నడిచి మొహం కందిపోయింది.

"టీచరమ్మా, పగిడయ్య రానన్నడు."

శ్యామల నవ్వు అక్కడికక్కడే చచ్చిపోయింది.

పగిడయ్యది అడవి లోపలి గూడెం. నెలన్నరగా టీబీ మాత్రలు మింగుతున్నాడు. అతని పేరు రాసిన డబ్బా అంగన్‌వాడీ బీరువాలో ఉంటుంది. సోమవారం రాలేదు. బుధవారం రాలేదు. ఈ రోజు శుక్రవారం.

"ఏమన్నడు?"

"నాకు ధైర్యం చెప్పిన భారతమ్మకే దండపడ్డది, ఇగ నేనెన్ని దినాలుంట అన్నడు. ఎట్లాగూ పొయ్యేదుంటే ఇంటికాడనే పోత, మీ గోడ మీదికి రాను అన్నడు."

"భారతమ్మ బతికే ఉన్నది అని చెప్పలే?"

"చెప్పిన. మందులు అమ్ముకునేటోళ్ళు గట్లనే చెప్తరు అన్నడు."

శ్యామల అక్కడే ఉన్న తిరగలి రాయి మీద కూలబడింది. మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుంది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, ఈసారి సూదులు కూడా పొడిపించుకోవాలి. మాత్రలకే రాని మనిషి సూదులకు వస్తాడా? అతనికి నలభై కూడా నిండలేదు. తన బొమ్మ చూసే ఆ మనిషి మందు మానేశాడు. పిల్లల్ని తూకానికి రప్పించిన చెయ్యే ఒక మనిషిని చావుకు పంపుతోంది.

లేచి, చెంగు బిగించి, మళ్ళీ వంటింటి తలుపు దగ్గరికి వెళ్ళింది. ఈసారి గొంతు తగ్గించలేదు.

"అత్తమ్మా, పగిడయ్య మాత్రలు బంద్ పెట్టిండు. మీరు పోయిన్రని నమ్మిండు. మీరొచ్చి కనబడితే తప్ప నమ్మడు. మన ఆటోల పోదాం, జల్దీ రండి."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

జవాబు వాకిట్లోంచి వచ్చింది. నాగక్క కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది. ఏడుపుకు దారి దొరకనప్పుడు మనిషికి కోపం చాలా ఉపయోగపడుతుంది.

"ఇంకా ఎక్కడికి తిప్పుతవే నా చెల్లెను? ఊరూరికీ తీసుకపోయి ఇగో సచ్చినామె అని సూపెడతవా? ఉన్న రోగం గోడకెక్కించి పది ఊళ్ళకు చాటినవ్. మా ఇంటి పేరు సంతల పెట్టినవ్. రాంబాబూ, ఆ రంగు డబ్బలు, ఆ కుంచెలు మొత్తం తీసుకపోయి గోదాట్ల పడెయ్!"

రాంబాబు అటు పెద్దమ్మను, ఇటు పెళ్ళాన్ని చూశాడు. ఏడుగురు చుట్టాలూ అతన్నే చూస్తున్నారు. మొగతనం చూపించడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదని అతనికెందుకో అనిపించింది.

"అవ్ పెద్దమ్మా. ఇయ్యాల్టి సంది బొమ్మలు బంద్. పిల్లలకు అ ఆలు చెప్పుకొని ఇంటికి రావాలె. గోడ జోలికి పోవద్దు."

శ్యామల గోళ్ళలో ఇంకా ఎర్రరంగు ఉంది. దాన్నే చూసుకుంటూ నిలబడింది. ఏడ్చి ఉంటే వాకిట్లోవాళ్ళకు తృప్తిగా ఉండేది. ఆమె ఏడవలేదు. బర్రె ఒక్కటే తోక ఊపింది.

గడియ తీసిన చప్పుడైంది.

భారతమ్మ గడప మీద నిలబడింది. చేతిలో గరిటె ఉంది.

"దండ నేనే ఎయ్యమన్న," అంది.

రాంబాబుకు అర్థం కాలేదు. "ఏందమ్మా?"

"చెవుడా నీకు? దండ నేనే ఎయ్యమన్న. గులాబీలు గావాలెనని గూడ నేనే చెప్పిన. నా పెండ్లిల గూడ అంత మంచి దండ పడలే. అందరు సూడాలె అనుకున్న. సూసిన్రు. తప్పయితే నాది, ఆ పిల్ల దిక్కు సూడకుండ్రి."

నాగక్క నోరు వెళ్ళబెట్టింది. భారతమ్మ గరిటె ఆమె వైపు తిప్పింది.

"ఇగ నీ సంగతి అక్కా. మీ ఇంటి పేరు సంతల పెట్టిందన్నవ్ గద. ఆర్నెల్లు దగ్గిన నేను. నడుం వంగిపొయ్యేటట్టు దగ్గిన. పినపాక ఎంత దూరమే? పడవ దాటితే వస్తది. ఒక్కనాడు వచ్చినవా? సచ్చిందనంగనే ఏడుగురిని ఎంటేసుకొని వచ్చినవ్!"

"ఇంట్ల చిన్న చిన్న మనుమరాండ్లు ఉన్నరే..." నాగక్క గొంతు తగ్గింది. "దగ్గు అంటుకుంటదని నలుగురు చెప్పిన్రు. భయపడ్డ."

"భయపడ్డవ్. అవ్. నేను గూడ భయపడ్డ. నా కొడుకు గూడ భయపడ్డడు, పండుకుంటే మొహం అటు దిక్కు పెట్టి పండుకునేటోడు. ఈ పిల్లొక్కతే ఎదురుంగ కూసొని, నోరు తెరువు అత్తమ్మా, మింగినవా లేదా అని సూసేది. నూటెనిమిది గుళ్ళు తిరిగినా రాని కోడలు వచ్చింది నాకు."

శ్యామల తలెత్తింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్త నోటి నుంచి ఇంత మంచి మాట ఆమె వినలేదు. కళ్ళల్లో నీళ్ళు ఉబికాయి. ఇందాక ఎంత తిట్టినా రాని నీళ్ళవి.

భారతమ్మ అది చూసి, ఎక్కువ చెప్పేశానని అనుకుంది కాబోలు.

"గట్లని బొమ్మ మంచిగున్నదని గాదు," అంది వెంటనే. "ఆ ముక్కు నాది గాదు. ఎక్కడిదో తెచ్చి పెట్టింది. రాంబాబూ, ఆటో తియ్యి. పగిడయ్య కాడికి పోవాలె. చుట్టాలకు జంపక్క ఉప్మా చేసి పెడతది. సావు లేదు, ఏం లేదు, పొయ్యి ముట్టియ్యుండ్రి."

ఆమె లోపలికి పోయి ఎర్ర పట్టుచీర కట్టుకుని వచ్చింది. గోడ మీద ఉన్న మనిషీ తానూ ఒకటేనని పగిడయ్యకు తెలియాలి కదా. ఎండ మండిపోతున్నా, చెమట కారుతున్నా, ఆ చీరలో ఆటో ఎక్కి మధ్యలో కూర్చుంది. శ్యామల బీరువాలోంచి తెచ్చిన పగిడయ్య డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఒక పక్కన కూర్చుంది. రెండో పక్కన, ఎవరూ రమ్మనకుండానే, నాగక్క ఎక్కింది.

"నువ్వెందుకక్కా?"

"నిన్ను మల్ల ఎవలన్న సంపుతరేమో. దగ్గరుంటే నాకే ముందు తెలుస్తది," అంది నాగక్క ముభావంగా.

దారి పొడుగునా అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోలేదు. ఒకరు కుడివైపు చెట్లు, ఒకరు ఎడమవైపు చెట్లు చూశారు. గుంత వచ్చినప్పుడు మాత్రం ఒకరి మీద ఒకరు పడి, మళ్ళీ సర్దుకుని, మళ్ళీ అలిగారు.

వాగు దగ్గర ఆటో ఆగింది. అక్కడి నుంచి నడక. గూడెం చేరేసరికి పగిడయ్య భార్య ఎర్రమ్మ గుడిసె ముందు ఇప్పపువ్వు ఎండబోస్తోంది. తలెత్తి చూసింది. ఎర్ర పట్టుచీర చూసింది. చేతిలో గంప వదిలేసి ఒక్క కేక పెట్టి లోపలికి ఉరికింది.

"గోడమీదామె వచ్చింది!"

పగిడయ్య గుమ్మంలోకి వచ్చాడు. సన్నటి మనిషి. నెలన్నర మందులతో బుగ్గలు కాస్త నిండాయి కానీ, కళ్ళు లోపలికే ఉన్నాయి. అతను భారతమ్మ మొహం చూడలేదు. ముందు పాదాలు చూశాడు.

"సెప్పులిప్పు," అన్నాడు.

భారతమ్మ చెప్పులు విప్పింది. పాదాలు ముందుకే ఉన్నాయి. అయినా అతనికి నమ్మకం కుదరలేదు.

"ఎనకకు తిరుగు."

"ఏందయ్యా, చీర కొంటున్నవా?" అంటూనే భారతమ్మ వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకు తిరిగింది. "సూసినవా? సక్కగనే ఉన్న. నాకేం గాలే."

"మెడ తెగిందంట గద! మావోడు నిన్న సూసొచ్చిండు. రగతం కారుతాంది అన్నడు."

రాంబాబు గొంతు సవరించుకున్నాడు. "అది నేను... కిరసనాయిలు..."

"నువ్వు నోర్మూసుకో," అన్నారు తల్లీ పెళ్ళామూ ఒకేసారి.

పగిడయ్య శ్యామల వైపు తిరిగాడు. ఇంతసేపూ నవ్వులాటగా ఉన్నదల్లా ఇక్కడికొచ్చి ఆగిపోయింది.

"టీచరమ్మా, దాపెట్టకుండ సెప్పు. గా మాత్రలు మింగిన కాన్నుంచి నాకు ఒంటికి పోతే ఎర్రగొస్తాంది. నువ్వు ముందే సెప్పినవ్, గట్లనే వస్తది, భయపడకు అన్నవ్. నేను నమ్మిన. మావోడు ఎర్రగ కారుతాందన్నంక ఒళ్ళంత వణికింది. రగతమంత గట్లనే పోయి సచ్చిందేమో, నాది గూడ పోతాందేమో అనుకున్న."

శ్యామల వేసిన బొమ్మలో లేనిది కూడా ఈ మనిషి చదువుకున్నాడు. తన భయాన్ని చదువుకున్నాడు.

జవాబు భారతమ్మ చెప్పింది. కొడుకు ముందు, అక్క ముందు, గూడెం సగం పోగై చూస్తుండగా, మొహం చాటెయ్యకుండా చెప్పింది.

"నాకు గూడ ఎర్రగనే వచ్చింది తమ్మీ. మొదటినాడు సూసి నేను గూడ ఏడ్సిన, ఎవలికీ చెప్పలే. మాత్రల రంగు అది, రగతం గాదు. మింగినన్ని దినాలు వచ్చింది. బంద్ పెట్టంగనే తెల్లగయింది."

రాంబాబు చెట్టు మీద కాకిని శ్రద్ధగా చూడసాగాడు. నాగక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పగిడయ్య మెత్తబడ్డాడని తెలుస్తూనే ఉంది. శ్యామల ఇదే అదనుగా డబ్బా తెరిచి, ఏడు మాత్రలు తీసి అతని అరచేతిలో పోసింది. ఎర్రమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది.

అతను మింగలేదు.

"ఒక్కటుంది," అన్నాడు. "దయ్యం తినదు, తాగదు. మా ఇంట్ల జావ తాగి సూపియ్యి."

"తెమ్మను. పొద్దుగాల నుంచి నేను గూడ ఏం తినలే."

ఎర్రమ్మ లోపలికి వెళ్ళి తోమి బోర్లించిన స్టీలు గ్లాసు తెచ్చింది. చుట్టాలకు తీసే గ్లాసు అది. భారతమ్మ దాన్ని తీసుకోకుండా గుడిసె చూరు వైపు చూసింది. అక్కడ మేకుకు ఒక సొట్టలు పడ్డ సత్తుగిన్నె వేలాడుతోంది. మిగతా గిన్నెలతో కలవకుండా, ఎవరి చెయ్యీ పడకుండా, విడిగా.

"పగిడయ్యా, అది నీదా?"

పగిడయ్య తల దించుకున్నాడు. ఎర్రమ్మ కూడా దించుకుంది.

"దాంట్లనే పొయ్యి," అంది భారతమ్మ.

ఎర్రమ్మ గ్లాసు పక్కన పెట్టి, గిన్నె దించి జావ పోసింది. భారతమ్మ సత్తుగిన్నె రెండు చేతులతో అందుకుని, నిలబడే ఉండి, సగం తాగింది. మూతి తుడుచుకుని మిగతా సగం పగిడయ్యకు ఇచ్చింది. పగిడయ్య ఆమె తాగిన పక్కనే పెదవులు ఆనించి ఒక గుక్క తాగాడు. నెలన్నరగా అతని గిన్నె ఎవరూ ముట్టలేదు. అతని గొంతు కదలడం, కళ్ళు చెమర్చడం శ్యామల దగ్గరగా చూసింది. ఇదీ వెయ్యాల్సిన బొమ్మ అనుకుంది. ఒక గిన్నె, ఇద్దరు మనుషులు. దీన్ని ఎవరూ చావుగా చదవరు.

"ఇగ మింగు తమ్మీ," అంది భారతమ్మ.

పగిడయ్య అరచేతిలో మాత్రలు చూసుకున్నాడు. తర్వాత అతని చూపు వాళ్ళ వెనక, ఇప్పపువ్వు అంచున, అందరికీ నాలుగు బారల దూరంలో నిలబడ్డ మనిషి మీద పడింది.

"గామె ఎవలు?"

"మా అక్క," అంది భారతమ్మ.

"తోడబుట్టిందా?"

"అవ్."

"మరి గంత దూరం నిలబడ్డదేంది?"

నాగక్క కొంగు ఇంకా నోటికి అడ్డంగానే ఉంది. అది అక్కడ ఉందని ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది, గబుక్కున దించింది.

పగిడయ్య గిన్నె ముందుకు చాచాడు. అడుగున ఇంకా రెండు గుక్కల జావ ఉంది.

"నువ్వు రోగం జూసినామెవు భారతమ్మా. టీచరమ్మది సర్కారు కొలువు. మీరు తాగుతరు. గామెకు ఏ పనీ లేదు గద మాతోని. గామె తాగితే నిజమే అనుకుంట. మింగుత."

ఏడు మాత్రలు అతని అరచేతిలో చెమటకు రంగు దిగుతున్నాయి. ఇవాళ తప్పితే ఈ మనిషి మళ్ళీ దొరకడు. నాగక్క కాళ్ళ మీద పడాలని శ్యామలకు అనిపించింది. కానీ అది తాను అడగాల్సిన మాట కాదని కూడా తెలుసు.

నాగక్క ఒక అడుగు ముందుకు వేసింది. ఇంకో అడుగు వేసింది. గిన్నె అందేంత దగ్గరికి వచ్చి, చెల్లెలి మొహం చూసి ఆగిపోయింది.

భారతమ్మ అక్క వైపు చూడలేదు. ఎండబోసిన పువ్వు వైపు చూస్తూ, ఆ రోజంతా ఎత్తని మెత్తటి గొంతుతో అంది.

"నిన్ను ఎవలు బలవంతం జేస్తలేరక్కా. అప్పుడు గూడ చెయ్యలే."

పగిడయ్య చాచిన చెయ్యి దించలేదు.